మామ చదవని వాక్యం

మామ కూర్చునే పోయాడని ఫోన్లో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. పోయాడన్న సంగతి తర్వాత, ముందు ఆయన కూర్చున్నాడంటేనే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన మా అమ్మకు తమ్ముడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన ఒకచోట నిదానంగా కూర్చోగా చూసి ఎరగను. అన్నం నిలబడి తినేవాడు. అరవం పేపరు వాకిట్లో నడుస్తూ చదివేవాడు. పెళ్ళిపీటల మీద కూడా అయ్యవారు భుజం నొక్కి కూర్చోబెట్టాల్సి వచ్చిందని మా అమ్మ చెప్పి నవ్వేది. అలాంటి మనిషి గుడియాత్తం బస్టాండులో సిమెంటు బెంచీ మీద, వేలూరు బస్సు కోసం చూస్తూ, చేతిలో గొడుగు పట్టుకుని అలాగే పోయాడట. బస్సు వచ్చింది, వెళ్ళబోతోంది. పక్కన పూలు అమ్ముకునే ఆమె "ఏమప్పా, నీ బస్సు పోతా ఉండాది చూడు" అని భుజం తట్టితే తెలిసింది.

ఆ ఫోను వచ్చిన దగ్గర్నుంచి కూర్చోవడం నాకూ చేతకావడం లేదు. ఇది రాయడానికి కుర్చీ లాక్కుంటాను, లేస్తాను, వరండాలో తిరుగుతాను, పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళి చూసి వస్తాను. కాలుగాలిన పిల్లిలా ఉంది నా పని. మీరు కొంచెం ఓర్చుకోండి. అన్నీ వరసగా చెప్పాలనే నా ఆశ. ఎక్కడైనా తొందరపడితే ఆ గుణం మామదని అనుకోండి.

ఆ రోజుల్లో తిరుపతికో చిత్తూరుకో పోతూ వేలూరు బస్టాండులో కాళ్ళు లాగేదాకా నిలబడినవాళ్ళు మీలో ఉంటే, మామ మీకు తెలిసినవాడే. రేకుల కప్పు కింద కట్టిన స్పీకర్లోంచి ముందు అరవంలో, ఆ వెంటనే తెలుగులో బస్సుల పేర్లు పిలిచిన గొంతు ఆయనది. గుడియాత్తంలో మొదటి బస్సెక్కి పోయేవాడు, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవాడు. టైం ఆఫీసులో మైకు ముందు ఆయనకని ఒక కుర్చీ ఉండేది. దాని మీద ఆయన టిఫిన్ క్యారియరు కూర్చునేది. ఆయన మటుకు మైకు వైరు సాగినంత దూరం అటూ ఇటూ తిరుగుతూ పిలిచేవాడు.

పిలవడంలోనూ ఆయనదొక వరస. అరక్కోణం బస్సు కదులుతోందంటే, ఆర్కాడు, వాలాజా, షోళింగర్ అని పెద్ద ఊళ్ళు చెప్పి ఊరుకోవడం ఆయన వల్ల కాదు. మధ్యలో బస్సు ఆగే ప్రతి చోటూ చెప్పేవాడు. పొన్నై బస్సుకైతే, నాలుగు ఇళ్ళున్న పల్లెలు, సున్నపుబట్టి దగ్గరి స్టాపు, ఎవరిదో కొబ్బరితోట దగ్గరి స్టాపు, అన్నీ వచ్చేవి. ఈయన జాబితా అయ్యేలోగా బస్సు గేటు దాటిపోయేది. టైమ్‌కీపరు అరవాయన, నెత్తి కొట్టుకునేవాడు. "పెరియ ఊర్ పేరు మట్టుం సొల్లుయ్యా!" పెద్ద ఊర్ల పేర్లు మటుకు చెప్పవయ్యా అని. మామ మైకు మూసిపెట్టి ఆయనకు అరవంలో ఏం చెప్పేవాడో, అదే ఇంటికొచ్చి మాకు తెలుగులో చెప్పేవాడు.

"పేరు చెప్పకుంటే ఆ ఊరోళ్ళు ఎట్ల ఎక్కేది పాపా? ఎవురూ ఎక్కకుంటే రేపట్నుంచి ఆడ బస్సు ఆపరు. బస్సు ఆపకుంటే ఆ ఊరు లేనట్లే గదా!"

ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో. మేము విని విని, ఆయన "పేరు" అనగానే మిగతాది మేమే పూర్తి చేసి ఏడిపించేవాళ్ళం.

మా ఇంటి మగవాళ్ళందరిదీ రాతిపని, కట్టుబడి పని. మామ ఒక్కడే అందులోకి పోలేదు. చిన్నప్పుడే రాతిపొడి పడక ఛాతీ పట్టేసేది. సరే, మైకు ముందు నిలబడే పని కదా అని బస్టాండులో చేరితే అక్కడ డీజిలు పొగ. ఆ పొగకు దగ్గు ముదిరింది. "ఆ బస్టాండు వదిలిపెట్టకపోతే మందులు దండగ" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మా అత్త, అంటే మామ భార్య, ఆ రోజు నుంచి ఒకటే పోరు. వేరే పని ఏదైనా చూసుకొమ్మని రోజూ అడిగేది. గొంతు తప్ప చేతిలో వేరే పని లేని మనిషికి ఆ ఊళ్ళో ఎవరు పని ఇస్తారు?

అలా ఉండగా వచ్చాడు గుండాయన. తిరుపతిలో గుండు కొట్టించుకుని కుటుంబంతో తిరిగొస్తూ, వేలూరులో బస్సు మారడానికి దిగిన మద్రాసు మనిషి. టైం ఆఫీసు కిటికీలోంచి ఆ నున్నటి తల లోపలికి పెట్టి, "ఏమండీ, ఇందాక తెలుగులో మాట్లాడింది మీరేనా? మీ గొంతు నాకు కావాలండీ" అన్నాడట. మామ ఇంటికొచ్చి ఆ సంగతి అరుగు మీంచి వంటింటి దాకా నడుస్తూ చెప్పాడు. ఆయనకు మద్రాసులో డబ్బింగు స్టూడియో ఉంది. అప్పుడప్పుడే వీధివీధికీ కేబుల్ వైర్లు లాగుతున్నారు. కొత్త చానళ్ళు పుట్టగొడుగుల్లా వస్తున్నాయి, వాటికి చూపించడానికి సరుకు కావాలి. బయటి దేశం వాళ్ళు తీసిన డాక్యుమెంటరీ సీరీస్ ఒకటి ఆయన చేతికొచ్చింది. దేశదేశాల్లో నేషనల్ పార్కులు ఎలా పుట్టాయి, ఎవరు గీత గీశారు, ఏ జంతువు మిగిలింది అనే చరిత్ర, వారానికొక భాగం. దానికి తెలుగులో చెప్పే గొంతు కోసం వెతుకుతున్నాడు.

"టీవీలోనా? నీ మొగమా?" అంది అత్త.

"మొగం కాదే, గొంతు మాత్రం."

"అయితే సరి. జనం బతికిపోయినారు" అంది. అంటూనే చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇది బాగా సాగితే స్టూడియోలో ఎప్పుడూ పని ఉంటుందని, ఇంకో రెండు సీరీస్‌లు రాబోతున్నాయని గుండాయన చెప్పాడట. అద్దాల గదిలో చల్లగా నిలబడి మాట్లాడే పని. పొగ లేదు, దుమ్ము లేదు. "ఈ మనిషి ఆ పొగలోనించి బయట పడితే గంగమ్మకు పొంగలి పెట్టుకుంటా" అని అత్త అప్పుడే మొక్కేసుకుంది.

ఒకటే చిక్కు. మామకు తెలుగు చదవడం రాదు. మా ఇళ్ళల్లో చాలామందిది ఇదే కథ. నోరు తెరిస్తే తెలుగు, పలక పడితే అరవం. నేను మటుకు చిత్తూరులో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నదాన్ని కాబట్టి నాకు అక్షరాలు వచ్చు. అప్పటికి టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉన్నాను. మామ ఆ కాగితాల కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసి, "పాపా, నువ్వు చదువు, నేను పట్టుకుంటా" అన్నాడు.

పట్టుకున్నాడు కూడా. నేను గడప మీద కూర్చుని ఒక వాక్యం చదివేదాన్ని. ఆయన వీధి వాకిలి నుంచి పెరటి గోడ దాకా నడిచి, తిరిగొచ్చేలోగా ఆ వాక్యం ఆయనదైపోయేది. అదంతా పుస్తకాల తెలుగు. "వచ్చాడు, వెళ్ళాడు" అని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నట్టు పలికేవాడు. నాకు నవ్వొచ్చేది. మొదటి భాగం అమెరికా పార్కు, వేడినీళ్ళు ఆకాశానికి చిమ్ముతాయే అది. రెండోది ఆఫ్రికాలో సింహాల పార్కు. "ఏమి పాపా, ప్రతిదాంట్లో మొదట ఒక దొర గుర్రమెక్కి వస్తాడు, చుట్టూరా చూసి ఎంత బాగుందంటాడు, ఆ మర్నాడే గీత గీస్తాడు. ఆ గుర్రానికి గడ్డేసింది ఎవురో మాత్రం చెప్పనే చెప్పరు!" అని ఆటపట్టించేవాడు. ఆటపట్టించి, ఉన్నది ఉన్నట్టు చదివేవాడు.

తనకు చదవడం రాదని స్టూడియోలో చెప్పలేదు. "అడిగితే చెప్తాం. అడగలేదు గదా" అన్నాడు. నన్ను తోడు తీసుకుపోయేవాడు. అద్దాల గదిలో ఆయన కాగితాలు పట్టుకుని నిలబడితే, పక్కన స్టూలు మీద నేను. ఎదురుగా చిన్న టీవీలో బొమ్మ నడుస్తుంది. ఆ బొమ్మ మారేలోగా మాట అయిపోవాలి. మాట మొదలుపెట్టాల్సిన చోట నేను ఆయన మోచెయ్యి తాకుతాను, కాగితం తిప్పాల్సిన చోట ఇంకోసారి తాకుతాను. ఎవరికీ అనుమానం రాలేదు. మొదటి రెండు భాగాలూ ఒక్క తప్పు లేకుండా అయిపోయాయి. గుండాయనకు అప్పటికి జుట్టు మొలిచింది, ఆ జుట్టు నిమురుకుంటూ మామను "గురువుగారూ" అనడం మొదలుపెట్టాడు.

మూడో భాగం మన దక్షిణాది పార్కు ఒకదాని గురించి. మైసూరు పక్క కొండల్లో ఉంది, పేరు రాయను. రాజుగారి వేట అడవిగా మొదలై తర్వాత పార్కు అయింది. నేను గడప మీద కూర్చుని చదువుతున్నాను. మామ పెరటి వైపు పోతున్నాడు. అక్కడ మా అవ్వ, మామను కన్నతల్లి, చింతపండులో గింజలు తీస్తోంది.

"ఇది మనిషి అడుగు పడని అడవి" అని చదివాను.

"ఏ అడివమ్మే అది?" అని అడిగింది అవ్వ.

పేరు చెప్పాను. అవ్వ చెయ్యి గింజల మీదే ఆగిపోయింది. ఆ తర్వాత బోసినోటితో గట్టిగా నవ్వేసింది. "మనిషి అడుగు పడ్లేదంటనా? మళ్ళ మా నాయన కాలు యాడ పడె?"

అవ్వ పుట్టింది ఆ అడవిలోనే, కొర్రలదొడ్డి అనే చోట. ఆ మాట మేము అంతకు ముందు విన్నాం కానీ చెవిన వేసుకోలేదు. ముసలివాళ్ళు ఎన్ని ఊర్ల పేర్లు చెప్పరు? ఆ రోజు అవ్వ మొత్తం చెప్పింది. రాతిపనివాళ్ళు కదా, రాజుగారి బంగళాకు రాళ్ళు కొట్టడానికి అవ్వ తాత కాలంలోనే అక్కడికి పోయి గుడిసెలు వేసుకున్నారు. బావి తవ్వుకున్నారు. కొర్రలు, రాగులు వేసుకున్నారు. అవ్వకు ఊహ వచ్చేసరికి, సర్కారు కచ్చేరీ మనుషులు వచ్చి కొండ చుట్టూ ఎల్లరాళ్ళు, అంటే హద్దురాళ్ళు, నాటాలన్నారు. నిలువు రాళ్ళు, ఒకే కొలత, వంకర ఉండకూడదు.

"మంచి పని దొరికిందని మా నాయన పొంగిపాయె. మొగోళ్ళు కొట్టేది, ఆడోళ్ళు మోసేది, మేము పిల్లకాయలు సున్నం పూసేది. యాడ తాడు పట్టుకోని చూపిస్తే ఆడ పాతినాం. ఒక్క రాయి వంకర పోలేదమ్మే. అంతా అయినాక ఒకడొచ్చి, లోపలుండేవోళ్ళంతా బయటికి పోవల్ల అన్నె. యాడికి లోపల? చూస్తే మా గుడిసెలే లోపల! మాకు తెల్లేదు, మా చుట్టూరా మేమే పాతుకుంటిమి."

"అప్పుడేం చేశారు అవ్వా?"

"మా నాయన నిజంగానే చెప్పినాడమ్మే. దానికేముంది సామీ, పాతింది మేమే గదా, ఒక నాలుగు రాళ్ళు పెరికి ఈపక్క పాతేస్తాం, మీకు కూలి కూడా వద్దు అన్నె." అవ్వ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "వాండ్లు తుపాకి చూపించినారు."

రాయి తప్పు చోట పడితే పెరికి మళ్ళీ పాతడం మావాళ్ళకు రోజూ ఉన్న పనే. ఎల్ల కూడా అలాంటిదేనని అనుకున్నాడు ఆ పెద్దాయన. నాకు నవ్వు రాలేదు. మామ పెరటి గోడ దగ్గరే నిలబడిపోయాడు. ఆయన నడక ఆగడం నేను అప్పుడే చూశాను.

అవ్వ ఆయన మొహం చూసింది. "ఏమప్పా, అట్ల నిలబడితివి? చదువుకో నాయనా. వాండ్లు రాసింది చెప్పేదే గదా నీ పని. నేనేమీ అనుకోను." మళ్ళీ గింజలు తీసుకోసాగింది. పెరట్లోంచి అత్త కూడా విన్నది. ఆ సాయంత్రం మామకు కషాయం ఇస్తూ, "నీ దగ్గు చూసుకో. ఊర్లు మళ్ళ చూసుకుందువు" అంది.

మద్రాసు పోయే బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా మామ ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడ్డాడు. స్టూడియోకు పోగానే గుండాయన్ని పట్టుకున్నాడు. "సార్, ఆ ఒక్క మాట మార్చరాదా? ఆడ ఊరుండె సార్. మాయమ్మ పుట్టిన ఊరు."

ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. మామను కుర్చీలో కూర్చోమన్నాడు, కాఫీ తెప్పించాడు. "గురువుగారూ, నాకర్థమైంది. కానీ ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పడమే మన పని. మాట మారిస్తే పైవాళ్ళు సీరీస్ మొత్తం వెనక్కి లాక్కుంటారు. నేను మునుగుతాను, మీరూ మునుగుతారు. ఒక్క వాక్యం. కళ్ళు మూసుకుని చెప్పేయండి." మామ తలాడించాడు. కాఫీ నిలబడే తాగాడు. నేనైతే ఊపిరి పీల్చుకున్నాను. చెప్పేస్తాడనే అనుకున్నాను, చెప్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. అత్త మొక్కు నాకు గుర్తుంది.

బొమ్మ నడవసాగింది. కొండలు, మంచు, ఏనుగులు. మామ గొంతు హాయిగా సాగిపోతోంది. ఆ వాక్యం చోటు వచ్చింది. కాగితం మీద చదువుకున్నప్పుడు అక్కడ ఏ బొమ్మ వస్తుందో మాకు తెలియదు కదా! మంచులో ఒక రాయి. మనిషి నడుము ఎత్తు నిలువు రాయి, పాచి పట్టి ఉంది. ఒక జింక వచ్చి దానికి మెడ రుద్దుకుంటోంది. రుద్దినచోట మంచు తడి చెదిరి ఉలి గీతలు కనిపిస్తున్నాయి, ఒక పక్కకు వాలుగా, వరసగా. రాతిపని ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ గీతలు ఏమిటో ఒకరు చెప్పాలా? మనిషి కొట్టిన రాయిని చూపిస్తూ, మనిషి అడుగు పడని అడవి అని చెప్పమంటున్నారు.

నేను మోచెయ్యి తాకాను. మామ పలకలేదు. ఇంకోసారి తాకాను. అప్పుడు మామ కాగితాలు కిందికి దించి, మైకు దగ్గరికి వంగి, బస్టాండు గొంతుతో పిలిచాడు.

"ఈడ కొర్రలదొడ్డి అని ఊరుండె. రాళ్ళు మావోళ్ళే పాతినారు. పాతినాక వాళ్ళనే బయటికి తోసినారు."

జింక తలెత్తి చూసి గెంతేసింది, బొమ్మ మారింది. మాట సరిగ్గా సరిపోయింది. అద్దం అవతల యంత్రం దగ్గర కూర్చున్న అరవ కుర్రాడికి తెలుగు రాదు, మీటరు ముల్లు ఊగడం చూసుకుంటూ "నల్లా ఇరుక్కు సార్!" అని, బాగుందన్నట్టు బొటనవేలు ఎత్తాడు. స్టూడియో ఆయన బయట ఎవరితోనో ఫోన్లో ఉన్నాడు. మామ మిగతాదంతా మళ్ళీ ఇస్త్రీ చొక్కా తెలుగులోనే చదివి ముగించాడు. బయటికొచ్చాక నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "పద పాపా, బస్సుకు టైమవతా ఉండాది" అన్నాడు.

కొన్ని రోజులకు వీధి చివరి ఎస్టీడీ బూతుకు ఫోను వచ్చింది. స్టూడియోలో సరిచూసుకుంటూ విన్నారట. స్టూడియో ఆయన తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "ఎంత పని చేశారు గురువుగారూ" అన్నాడట. మిగతా భాగాలు వేరే ఆయన చెబుతాడు, ఇక మీరు రావద్దు అన్నాడట. మూడో భాగంలో ఆ వాక్యం ఏం చేస్తారో ఆయన చెప్పలేదు, మామ అడగలేదు.

అత్త ఒంటికాలి మీద లేచింది. "మీయమ్మే చదువుకోమనె గదా! ఆఫ్రికా వాళ్ళ గురించి చదివినప్పుడు లేని రోషం ఈ రోజు యాడనించి వచ్చె? ఒక్క మాట మింగింటే ఏమి పోయేది నీది?"

"ఆఫ్రికాలో నాకు తెలిసినోళ్ళు లేకపోయిరి" అన్నాడు మామ. కొంచెంసేపు తిరిగి, మళ్ళీ ఆమె ముందుకే వచ్చాడు. "అది నా తప్పేలే. ఆడ కూడా ఎవురో ఉండుంటారు." అత్తకు ఇంకా మండింది. ఆ మర్నాటి పొద్దున మామ మళ్ళీ మొదటి బస్సెక్కి, ఆ పొగలోకే పోయాడు.

టీవీలో ఆ భాగం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. మామ మాట వస్తుందా, లేక ఆ కొత్తాయన గొంతుతో పాత వాక్యమే వస్తుందా? అవ్వ వింటుంది. కొడుకు గొంతు మధ్యలో, ఊరూ పేరూ తెలియనివాడి గొంతుతో, నీ ఊరు లేదు అనే మాట అవ్వ చెవిన పడుతుందా? నాకు అన్నం సహించేది కాదు. మామ బస్టాండులో పొన్నై బస్సుకు పొరపాటున ఆర్కాడు పేరు చెప్పాడని టైమ్‌కీపరు మా ఇంటికి కబురు పంపాడు.

ఆ సాయంత్రం కేబులాయన ఇంటి హాల్లో వీధి వీధంతా కూడింది. ఆయన మా మీది అభిమానంతో క్యాసెట్టు పెట్టి రికార్డు కూడా చేస్తున్నాడు. అవ్వ తలస్నానం చేసి, నీళ్ళకావి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. అత్త రానంది కానీ తలుపు పక్కన నిలబడింది. మామ గుమ్మం బయట. బొమ్మలు వస్తున్నాయి, మామ గొంతు వస్తోంది, జనం "మన అన్నదే! మన అన్నదే!" అని మురిసిపోతున్నారు. మంచు వచ్చింది. రాయి వచ్చింది. జింక వచ్చింది.

ఏ మాటా రాలేదు. పాత వాక్యం లేదు, మామ వాక్యమూ లేదు. కోసేశారు. ఆ చోట వట్టి పక్షుల కూత మాత్రమే ఉంది. మళ్ళీ చెప్పించే టైము లేక వదిలేశారో, స్టూడియో ఆయనకు మనసొప్పక అలా ఉంచాడో నాకు నేటికీ తెలియదు. హాల్లో అందరూ ఏదో పాడైందని అనుకున్నారు.

"కొర్రలదొడ్డి" అంది అవ్వ.

వేలు చాపి టీవీ వైపు చూపిస్తోంది. "ఆ రాయి మా నాయన కొట్టిందే. అది బాయి దోవ. ఈపక్క పెద్దగంగన్న ఇల్లు. దాని పక్కన గుడ్డి ముసిలామె ఇల్లు. ఆడ రాగులు దంచే బండ. చింతమాను కింద మా ఇల్లు." అప్పటికి జింక పోయింది, రాయి పోయింది, మామ గొంతు మళ్ళీ ఏనుగుల సంగతి చెబుతోంది. అవ్వ ఆగలేదు. తల్లీ కొడుకులు ఇద్దరి గొంతులూ ఒకదాని మీదొకటి పడుతున్నాయి. నేను వెనక్కి తిరిగి చూశాను. మామ గుమ్మం పట్టుకుని, అందరి ముందూ, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

తర్వాతి భాగాలన్నీ కొత్తాయన గొంతుతో వచ్చాయి. మామ ఒక్కటీ వదలకుండా చూశాడు. నిలబడే. "బాగా చెప్తా ఉండాడు, మంచి గొంతు" అని మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పులో నాకు ఎక్కడా వంకర కనబడలేదు.

అవ్వ పోయాక, ప్రతి ఏడూ ఆమె తిథి నాడు, ఆకులు ఎత్తేశాక మామ కేబులాయన ఇచ్చిన ఆ క్యాసెట్టు పెట్టేవాడు. జింక వచ్చే చోట తానే పిలిచేవాడు. "కొర్రలదొడ్డీ! కొర్రలదొడ్డి దిగేవోళ్ళు దిగండప్పా!" అని, బాయి దోవ నుంచి చింతమాను దాకా అవ్వ చెప్పిన వరసలోనే చెప్పేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. అది మొదలవగానే అత్త విసవిసా వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ ధడధడా తోమేది. ఆయన దగ్గినప్పుడల్లా ఆమెకు ఆ అద్దాల గది గుర్తొచ్చేది. "ఒక్క మాట మింగింటే ఈ పాటికి నీ ఛాతీ బాగుండు" అనేది. మామ నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి పోయేవాడు. ఆమెను నేను తప్పు పట్టను. దగ్గు విన్నది ఆమె. పక్క మీద ఆయన వీపు రాసింది ఆమె. పని మానేసిన తర్వాత కూడా ఆయన వేలూరు బస్టాండుకు పోతూనే ఉన్నాడు, ఊరికే, ఎవరైనా పల్లెటూరివాళ్ళు బస్సు తెలియక నిలబడి ఉంటే ఎక్కించి రావడానికి. ఆ చివరి రోజు పోబోయిందీ అందుకే.

మొన్న పదకొండో రోజు కర్మ అయింది. భోజనాలయ్యాక ఎవరో క్యాసెట్టు పెడదామన్నారు. వీసీఆర్ మీద దుమ్ము కూడా లేదు, మామ రోజూ తుడిచేవాడట. అందరూ చాప మీద కూర్చున్నారు. నాకు కూర్చోవాలనిపించలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాను. టీవీలోంచి మామ గొంతు వచ్చింది. నాకు ఒకటే భయం. ఆ ఖాళీ చోటు వస్తుంది. అవ్వ లేదు, మామ లేడు. ఎవరు చెబుతారు? నేనే చెప్పాలని నోట్లో మాట సిద్ధం చేసుకున్నాను.

మంచు వచ్చింది, రాయి వచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అత్త చేతులు కూడా తుడుచుకోకుండా వచ్చి టీవీ ముందు నిలబడింది. "కొర్రలదొడ్డి" అంది. పిలవడం చేతకాని గొంతు, పొడి గొంతు. "అది బాయి దోవ. ఈపక్క పెద్దగంగన్న ఇల్లు. దాని పక్కన గుడ్డి ముసిలామె ఇల్లు. ఆడ రాగులు దంచే బండ." ఒక్కటీ తప్పలేదు. ఆమె చేతివేళ్ళ నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి. టీవీలో జింక మెడ రుద్దుకోవడం మాని తలెత్తి చూసింది.

"చింతమాను కిందుండేది," అంది అత్త, "మా అత్తోళ్ళ ఇల్లు."